నర్సరీ నుంచి గుంత దాకా: మొక్కల రవాణా వెనక ఉండాల్సిన లెక్క

మృగశిర కార్తె దాటి రెండు గట్టి వానలు పడ్డాయంటే నర్సరీల ముందు బండ్లు బారులు తీరతాయి. ఒకవైపు ఆరేడు నెలలుగా పాలిథిన్ సంచుల్లో పెంచిన వేప, కానుగ, చింత, నేరేడు, ఉసిరి మొక్కలు. మరోవైపు ఉపాధి హామీ కూలీలు ఎండల్లో తవ్విపెట్టిన గుంతలు. ఈ రెండింటికీ మధ్య మిగిలింది రోడ్డు ఒక్కటే. ఏ నర్సరీ నుంచి ఏ ఊరికి, ఏ రోజు, ఏ బండిలో, ఏ జాతి మొక్కలు ఎన్ని పంపాలి? చాలాచోట్ల దీనికి జవాబు ఫోన్ల మీదే తేలిపోతుంది. ముందు అడిగిన ఊరికి ముందు, దగ్గరున్న ఊరికి ఎక్కువ, బండి దొరికిన రోజే ప్రయాణం.

పది ఊళ్లకు ఇలా నడుస్తుంది. వందల ఊళ్లకు నడవదు. 2015 జులై 3న చిలుకూరులో మొదలైన ‘తెలంగాణకు హరితహారం’ 230 కోట్ల మొక్కలను లక్ష్యంగా పెట్టుకుంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తీసుకెళ్లాలన్నది దాని సంకల్పం. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ‘వనం-మనం’ వచ్చింది. కోట్లలో మొక్కలు కొద్ది వారాల వాన కాలంలో చేతులు మారే పని ఇది. ఇంత పెద్ద పనిలో ‘ఎలా పంపాలి’ అన్నది అంచనాకు వదిలేసే విషయం కాదు. దానికి పక్కాగా లెక్క వేసే గణితం ఉంది. దాని పేరు ఆప్టిమైజేషన్. అంటే, ఉన్న షరతులన్నిటికీ లోబడి, మనం కోరుకున్న దాన్ని వీలైనంత ఎక్కువగానో, వద్దనుకున్న దాన్ని వీలైనంత తక్కువగానో చేసే ఏర్పాటును వెతకడం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. తక్కువ ఖర్చు దారి వెతకడం గణితానికి ఎప్పుడో వచ్చేసిన విద్య. మొక్కల విషయంలో కష్టమంతా ‘ఖర్చు’ అనే గడిలో ఏం రాస్తామన్న దగ్గరే ఉంది.

రెండు నర్సరీలు, మూడు ఊళ్లు

అసలు సంగతి అర్థం కావాలంటే చిన్న ఉదాహరణను చేత్తో చేసి చూడాలి. ఈ అంకెలు ఊహించినవే. రెండు నర్సరీలున్నాయి. రోడ్డు పక్కనున్న పెద్ద నర్సరీలో 60 వేల మొక్కలు, చెరువు దగ్గరున్న చిన్న నర్సరీలో 40 వేలు. మూడు ఊళ్లకు మొక్కలు కావాలి. మొదటి ఊరికి 30 వేలు, రెండో ఊరికి 40 వేలు, మూడో ఊరికి 30 వేలు. మొత్తం లక్ష. ఉన్నదీ లక్షే.

వెయ్యి మొక్కలు మోయడానికి అయ్యే ఖర్చు ఇలా ఉందనుకుందాం:

పెద్ద నర్సరీ నుంచి: మొదటి ఊరికి రూ.400, రెండో ఊరికి రూ.500, మూడో ఊరికి రూ.1,200.
చిన్న నర్సరీ నుంచి: మొదటి ఊరికి రూ.900, రెండో ఊరికి రూ.200, మూడో ఊరికి రూ.300.

ఎవరికైనా ముందు కంటపడేది ఆ 200. చిన్న నర్సరీ, రెండో ఊరు పక్కపక్కనే ఉన్నాయి. పైగా అక్కడున్నవీ 40 వేలే, ఇక్కడ కావలసినవీ 40 వేలే. అటువైపు మొత్తం పంపేస్తే రూ.8,000తో ఒక ఊరి పని పూర్తవుతుంది. ఇక మిగిలిన రెండు ఊళ్లకూ పెద్ద నర్సరీయే దిక్కు. మొదటి ఊరికి 30 వేలు పంపితే రూ.12,000, మూడో ఊరికి 30 వేలు పంపితే రూ.36,000. మొత్తం రూ.56,000.

ఇప్పుడు ఇంకో రకంగా పంపుదాం. చిన్న నర్సరీ నుంచి ముందుగా మూడో ఊరికి 30 వేలు: రూ.9,000. అక్కడ మిగిలిన 10 వేలు రెండో ఊరికి: రూ.2,000. రెండో ఊరికి ఇంకా కావలసిన 30 వేలు పెద్ద నర్సరీ నుంచి: రూ.15,000. మొదటి ఊరికి 30 వేలు అక్కడి నుంచే: రూ.12,000. మొత్తం రూ.38,000.

అవే మొక్కలు, అవే రోడ్లు, అవే రేట్లు. తేడా రూ.18,000. మొదటి పద్ధతిలో జరిగిందేమిటంటే, అన్నిటికన్నా చవకైన దారిని ముందే వాడేసుకుని, చివర్లో అన్నిటికన్నా ఖరీదైన దారికి చిక్కుకున్నాం. ఇది పనితనం లేక జరిగిన పొరపాటు కాదు. ‘దగ్గరి దాన్నుంచి దగ్గరికి పంపు’ అన్న సూత్రం ఎంత సహజంగా అనిపిస్తుందో, కొన్ని సందర్భాల్లో అంత నష్టం తెస్తుంది.

డిగ్రీలోనో ఎంబీఏలోనో ఆపరేషన్స్ రీసెర్చ్ (పనుల ఏర్పాటును గణితంతో తేల్చే శాస్త్రం) చదివినవాళ్లకు వోగెల్ పద్ధతి గుర్తుండే ఉంటుంది. అందులోని ఆలోచన చాలా తెలివైనది. ఏది చవక అని చూడదు. మంచి దారి చేజారితే ఎవరు ఎక్కువ నష్టపోతారు అని చూస్తుంది. రెండో ఊరికి 200 దారి చేజారితే 500 దారి ఉంది, నష్టం 300. మూడో ఊరికి 300 దారి చేజారితే 1,200 దారే గతి, నష్టం 900. కాబట్టి చిన్న నర్సరీ మీద మొదటి హక్కు మూడో ఊరిది. ఈ ఒక్క ప్రశ్న అడిగి చూస్తే, కంప్యూటర్ లేకుండానే, పైన చెప్పిన రూ.38,000 ఏర్పాటు వచ్చేస్తుంది. వోగెల్ పద్ధతితో ప్రతిసారీ అత్యుత్తమ జవాబే వస్తుందన్న హామీ లేదు కానీ చాలాసార్లు దాని దగ్గరకు వస్తుంది. మండల స్థాయిలో కాగితం మీద లెక్క వేసుకునేవాళ్లకు ఈ ఒక్కటీ అలవాటైనా ఎంతో మేలు.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

1781లో గాస్పార్ మోంజ్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు, తవ్విన మట్టిని పూడ్చవలసిన చోట్లకు తక్కువ శ్రమతో ఎలా చేర్చాలి అని ఆలోచించాడు. మనం గుంతలు తవ్వే పనికి ఇంత దగ్గరి పూర్వీకుడు ఉన్నాడన్నది నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనీద్ కాంతొరోవిచ్ ప్లైవుడ్ పరిశ్రమ తెచ్చిన సమస్యను పరిష్కరిస్తూ ఇప్పుడు లీనియర్ ప్రోగ్రామింగ్ (ఖర్చునూ షరతులనూ కూడికలు, గుణకారాలతో రాసి మేలైన జవాబు వెతకడం) అంటున్న దానికి పునాది వేశాడు. 1941లో అమెరికాలో ఫ్రాంక్ హిచ్‌కాక్ పై ఉదాహరణలాంటి సమస్యనే స్పష్టంగా రాసి పెట్టాడు. యుద్ధకాలంలో సరుకు ఓడల మీద ఇలాంటి లెక్కలే వేసిన కూప్‌మన్స్‌కూ, కాంతొరోవిచ్‌కూ కలిపి 1975లో అర్థశాస్త్ర నోబెల్ ఇచ్చారు. 1947లో జార్జ్ డాంట్‌జిగ్, జవాబును అంచెలంచెలుగా మెరుగుపరుచుకుంటూ పోయే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక వీటన్నిటికీ ఒకే పనిముట్టు దొరికింది.

ఉన్నచోటి నుంచి కావలసిన చోట్లకు తక్కువ ఖర్చుతో పంపే ఈ లెక్కను రవాణా సమస్య అంటారు. దానికి ఒక చక్కని గుణం ఉంది. నర్సరీల్లో ఉన్నవీ ఊళ్లకు కావలసినవీ పూర్ణ సంఖ్యల్లో ఇస్తే, సింప్లెక్స్ ఇచ్చే జవాబు కూడా పూర్ణ సంఖ్యల్లోనే వస్తుంది. ‘ఈ ఊరికి మూడున్నర మొక్కలు పంపు’ అని ఎప్పుడూ చెప్పదు. అందుకే ఈ రకం లెక్కలు ఎంత పెద్దవైనా కంప్యూటర్లు చిటికెలో చేసేస్తాయి. ఎక్సెల్‌లోని సాల్వర్ చిన్నవాటికి చాలు. పెద్దవాటికి గూగుల్ ఓఆర్-టూల్స్, హైగ్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

మొక్క సిమెంటు బస్తా కాదు

ఇక్కడితో కథ ముగిస్తే పాఠ్యపుస్తకం అవుతుంది. నర్సరీ గేటు దగ్గర నిలబడి చూస్తే పై లెక్కలో లేని చిక్కులు ఒక్కొక్కటే బయటపడతాయి.

మొదటిది జాతి. ‘లక్ష మొక్కలు’ అన్న మాటకు లెక్కలో అర్థం లేదు. ఊరు అడిగింది ఇళ్లలో పంచడానికి నిమ్మ, దానిమ్మ, మునగ. నర్సరీలో మిగిలింది రోడ్డు పక్కన నాటే కానుగ. మొత్తం సరిపోయినా పని జరగదు. కాబట్టి ప్రతి జాతికీ విడివిడిగా రవాణా సమస్య రాయాలి, అయితే అవన్నీ ఒకే బండిలోని చోటును పంచుకుంటాయి. కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతటికీ వెళ్లే లారీలను చూస్తే ఈ చోటు సంగతి బాగా తెలుస్తుంది. పొట్టి మొక్కలను వరుసలు పేర్చవచ్చు. రోడ్ల పక్కన నాటే నిలువెత్తు అవెన్యూ మొక్కలను ఒకదానిమీద ఒకటి పెట్టలేం. పెద్ద సంచుల మొక్కలతో బరువు పరిమితి ముందు దాటుతుంది, పొడుగు మొక్కలతో చోటు ముందు నిండుతుంది. బండికి రెండు పరిమితులూ రాయాల్సిందే.

మొక్కను ఏ రూపంలో పెంచామన్నది కూడా రవాణా లెక్కను తలకిందులు చేస్తుంది. టేకును తీసుకోండి. సంచిలో పెంచిన టేకు మొక్క తన వేళ్లతోపాటు మట్టిని మోసుకొస్తుంది. అదే టేకు స్టంపు అయితే జానెడు వేరు, పైన రెండు మూడు సెంటీమీటర్ల కాండం, అంతే. తడి గోనెలో చుట్టి వందల స్టంపులను ఒకే సంచిలో పంపవచ్చు. భద్రాచలం దగ్గర సారపాక కాగితపు మిల్లు రైతులకిచ్చే జామాయిల్ క్లోన్ మొక్కల్లాంటివి రూట్ ట్రైనర్లలో, అంటే వేళ్లు నిటారుగా దిగేలా చేసిన చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో పెరుగుతాయి. మట్టి లేదు కాబట్టి తేలిక. మామూలు సంచి మొక్క రవాణాలో మనం ఎక్కువగా మోసేది తడి మట్టినే. అందుకని దూరపు ఊళ్లకు ఏ జాతులను తేలికపాటి కుండీల్లో పెంచాలి అన్నది బండి ఎక్కే రోజు తేలేది కాదు, విత్తనం వేసే ముందే తేలాలి.

రెండో చిక్కు బండి. పై ఉదాహరణలో వెయ్యికి ఇంత అని రేటు వేశాం. బండి కిరాయి అలా ఉండదు. ట్రాక్టర్ ట్రాలీలో 1,500 మొక్కలు పడతాయనుకుందాం. ఊరికి 1,600 కావాలి. ఆ చివరి వంద మొక్కల కోసం ఇంకో ట్రిప్పు వేయాలి, దాని కిరాయి నిండు ట్రిప్పుకు అయ్యేంతే. వెయ్యికి ఇంత అన్న లెక్క ఈ సంగతిని చూడనే చూడదు. చివరి వందకు కొద్ది రూపాయలే అవుతాయని చెబుతుంది. ట్రిప్పుల సంఖ్యను పూర్ణ సంఖ్యగా లెక్కలో పెట్టిన వెంటనే రవాణా సమస్యకున్న ఆ చక్కని గుణం పోతుంది, సమస్య ఒక్కసారిగా కష్టమవుతుంది. కానీ జవాబు మాత్రం నేలకు దిగుతుంది. ఆ వంద మొక్కలను పక్క ఊరి బండిలో వేసి దారిలో దించమంటుంది.

దారిలో దించడం అనగానే మూడో చిక్కు. ఒక బండి పది ఊళ్లు తిరగాలంటే ఏ వరుసలో తిరగాలి? పది ఊళ్లను 36,28,800 వరుసల్లో తిరగవచ్చు. పదిహేను ఊళ్లయితే ఆ సంఖ్య లక్ష కోట్లు దాటిపోతుంది. అన్నీ సరిచూడటం కుదరదు. 1959లో డాంట్‌జిగ్, రామ్సర్ కలిసి పెట్రోలు ట్యాంకర్లు బంకులకు సరఫరా చేసే ఏర్పాటు మీద రాసిన వ్యాసంతో ఈ రకం సమస్యల అధ్యయనం మొదలైంది. ఒకే మనిషి అన్ని ఊళ్లూ తిరిగొచ్చే సమస్యకు 1963లో నలుగురు పరిశోధకులు ఒక పద్ధతి చూపించారు. దారులను కొమ్మలుగా విడగొట్టి, ఎటూ లాభం రాదని తేలిన కొమ్మను అక్కడికక్కడే నరికేయడం. దానికి బ్రాంచ్ అండ్ బౌండ్ అన్న పేరు ఆ వ్యాసంతోనే స్థిరపడింది. ఆ నలుగురిలో ఒకరు కట్టా గోపాలకృష్ణ మూర్తి. ఆయన తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు ఆపరేషన్స్ రీసెర్చ్ బోధించారు. ఇవాళ ట్రిప్పుల సంఖ్య లాంటి పూర్ణ సంఖ్యల లెక్కలు చేసే చాలా సాఫ్ట్‌వేర్ల అడుగున ఉన్నది ఈ కొమ్మలు నరికే ఉపాయమే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కాలం. సిమెంటు బస్తాను ఈ వారం దించి వచ్చే వారం వాడవచ్చు. మొక్కను దించిన రోజే, మహా అయితే మర్నాడు, నాటాలి. లేదంటే నీడ, నీళ్లు, కాపలా కావాలి. నాటడానికి గుంత తవ్వి ఉండాలి, నేల తడిసి ఉండాలి, ఆ రోజు కూలీలు ఉండాలి. ఊరు రోజుకు నాలుగు వందల మొక్కలే నాటగలదంటే రెండు వేలు ఒకేసారి దించడం వల్ల ఒరిగేది లేదు; పదహారు వందల మొక్కలు పంచాయతీ ఆవరణలో ఎండుతుంటాయి. కాబట్టి లెక్కలో ‘ఊరు’ అన్న గడి చాలదు. ‘ఊరు, జూన్ 20’, ‘ఊరు, జూన్ 21’ అంటూ ప్రతి రోజుకూ ఒక గడి కావాలి. 20 నర్సరీలు, 300 ఊళ్లు, 10 జాతులు, 60 రోజులు అనుకుంటే తీసుకోవలసిన నిర్ణయాలు 36 లక్షలవుతాయి. మనిషి తలకెక్కే సంఖ్య కాదది. కంప్యూటర్‌కు మాత్రం, కాస్త తెలివిగా రాస్తే, పెద్ద భారమేమీ కాదు. గుంత తవ్వని ఊరు, వాన పడని మండలం లాంటి కుదరని గడులను మొదటే తీసేస్తే చాలా భాగం రాలిపోతుంది.

ఈ కాలం లెక్క ప్రాంతాన్ని బట్టి మారుతుంది కూడా. ఆదిలాబాద్‌కూ ఖమ్మానికీ నైరుతి వానలే ఆధారం. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. రాష్ట్రమంతటికీ ఒకే వారంలో నాటే పండుగ పెట్టడం ఫొటోలకు బాగుంటుంది, నేలకు బాగుండదు.

దూరం అన్న అంకె దగ్గర కూడా జాగ్రత్త అవసరం. మ్యాప్ మీద గోదావరికి అటొకటి ఇటొకటి ఉన్న ఊళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి, వంతెన మాత్రం ఎక్కడో ఉంటుంది. ఏజెన్సీలో జులైలో వాగు పొంగితే ఇరవై కిలోమీటర్ల దారి ఆ రోజుకు లేనట్టే. అందుకే గడిలో కిలోమీటర్లు కాక గంటలు రాయాలి, వాగు దాటే దారులకు ‘ఈ తేదీ దాకానే’ అన్న షరతు పెట్టాలి. జూన్ మొదట్లోనే ఆ గూడేలకు పంపి, అక్కడే నీడ పందిరి కింద నిలవ ఉంచడం కొన్నిసార్లు మంచి జవాబు అవుతుంది.

గడిలో రాయాల్సింది బతికిన మొక్క ఖర్చు

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే, అందుకే కాస్త ఆగి చెబుతాను. మామూలు రవాణా లెక్క ‘చేర్చిన మొక్కకు ఎంత ఖర్చు’ అని చూస్తుంది. అడవికి కావలసింది చేరిన మొక్క కాదు, బతికిన మొక్క. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం కూడా నాటిన వాటిలో 85 శాతం బతకాలన్న బాధ్యతను పంచాయతీల మీద పెట్టింది. చట్టం అడుగుతున్నది ఒకటి, లారీ లెక్క చూసేది ఇంకొకటి అయితే ఎలా?

మళ్లీ ఊహించిన అంకెలతోనే చూద్దాం. మొక్క పెంచడం, గుంత తవ్వడం, నాటడం అన్నిటికీ కలిపి మొక్కకు రూ.40. రవాణా రెండు రకాలు. మొదటి రకంలో మొక్కకు రూ.2: బండిలో కిక్కిరిసి ఎక్కించి, పైన ఏమీ కప్పకుండా, మిట్ట మధ్యాహ్నం బయల్దేరి, నాలుగు ఊళ్లు తిరిగి దించడం. రెండో రకంలో రూ.3.50: తక్కువ మొక్కలు, ట్రేలలో పేర్చి, పైన షేడ్ నెట్ కట్టి, తెల్లవారుజామున బయల్దేరి, ఒకే ఊరికి చేర్చడం. మొదటి రకంలో 70 శాతం, రెండో రకంలో 85 శాతం బతికాయనుకుందాం.

మొదటి రకంలో బతికిన ఒక్కో మొక్కకు పడిన ఖర్చు 42ను 0.70తో భాగిస్తే రూ.60. రెండో రకంలో 43.50ని 0.85తో భాగిస్తే రూ.51 చిల్లర. రవాణాకు ముప్పావు వంతు ఎక్కువ పెట్టి, బతికిన మొక్క మీద తొమ్మిది రూపాయల దాకా మిగిల్చుకున్నాం. ‘రవాణా ఖర్చు తగ్గించండి’ అని పైనుంచి వచ్చే ఆదేశం ఇక్కడ నష్టం చేస్తుంది. బండి కిరాయి ఒక పద్దులో, చచ్చిన మొక్క ఇంకో పద్దులో ఉంటాయి కాబట్టి ఆ నష్టం ఎవరి కంటా పడదు.

మొక్క దారిలో ఎలా దెబ్బతింటుందో నర్సరీలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. వేగంగా వెళ్లే బండి మీద గాలికి ఆకులు వడలిపోతాయి. సంచి పట్టుకుని ఎత్తాల్సింది పోయి కాండం పట్టుకుని లాగితే మట్టి గడ్డ పగులుతుంది, సన్నని వేళ్లు తెగుతాయి. బండెక్కే ముందు సాయంత్రం తడిపితే మట్టి పట్టుగా ఉంటుంది. పొడిగా ఉంటే గతుకుల్లో రాలిపోతుంది. ఎక్కువ రోజులు ఒకేచోట ఉంచిన సంచుల నుంచి వేళ్లు నేలలోకి దిగుతాయి. సమయానికి షిఫ్టింగ్ (సంచులను చోటు మార్చడం), గ్రేడింగ్ (ఎదుగుదలను బట్టి వేరుచేయడం) చేయకుండా ఎత్తే రోజే పీకితే ఆ వేరు తెగి మొక్క తేరుకోదు. చివరి నెలలో నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేసిన మొక్క దెబ్బకు ఓర్చుకుంటుంది, షేడ్ నెట్ కింద నుంచి నేరుగా బండెక్కిన మొక్క ఓర్చుకోదు. వీటిలో ప్రతి ఒక్కటీ లెక్కలోకి తేగలిగిందే: ప్రయాణ గంటలు, బయల్దేరిన వేళ, దించాక నాటడానికి పట్టిన రోజులు, నర్సరీలో షిఫ్టింగ్ చేసిన తేదీ. గంట పెరిగేకొద్దీ, రోజు ఆలస్యమయ్యేకొద్దీ బతికే అవకాశం ఎంత తగ్గుతుందో తెలిస్తే దాన్ని రూపాయల్లోకి మార్చి ఖర్చు గడిలో కలపవచ్చు.

చివరి గూడెం

ఖర్చు తగ్గించమని మాత్రమే చెబితే లెక్క ఒక పని తప్పకుండా చేస్తుంది. మొక్కలు చాలనప్పుడు దూరపు ఊళ్లను వదిలేస్తుంది. అది దాని తప్పు కాదు, మనం అడిగిందే చేసింది. ఫోన్ల మీద నడిచే పద్ధతిలోనూ జరిగేది ఇదే. ముందు వచ్చిన బండి ఏపుగా ఉన్న మొక్కలు ఏరుకుంటుంది, సీజను చివర్లో గూడేనికి చేరేవి వంకర కాండాలు, చుట్టలు చుట్టుకున్న వేళ్లు. ఆ తర్వాత ‘అక్కడ నాటినవి బతకవు’ అని పేరు పడుతుంది.

గణితంతో ఒక మంచి ఉంది. న్యాయాన్ని షరతుగా రాయమంటే రాస్తుంది. ప్రతి ఊరికీ అడిగిన దానిలో కనీసం ఇంత శాతం, ఫలానా తేదీలోపు, మొదటి గ్రేడు మొక్కలు ఇంతకు తగ్గకుండా అని రాయవచ్చు. లేదా, అన్ని ఊళ్లలోకీ తక్కువ వాటా దక్కిన ఊరి వాటాను వీలైనంత పెంచమని అడగవచ్చు. అప్పుడు మొత్తం ఖర్చు కొంత పెరుగుతుంది. ఎంత పెరిగిందో కూడా కచ్చితంగా చెబుతుంది. చివరి గూడెం దాకా సమానంగా ఇవ్వడానికి జిల్లాకు ఇంత అదనం అని ఒక అంకె బల్ల మీద పెడితే, ‘అది పెట్టలేం’ అనడం అధికారికైనా నాయకుడికైనా అంత తేలిక కాదు. అంకె లేనంతకాలం ‘దారి బాగాలేదు’ అన్న మాటతో సరిపోతుంది.

నర్సరీనే ఊరికి తెస్తే

తెలంగాణ ఒక పెద్ద నిర్ణయంతో సమస్య ఆకారాన్నే మార్చేసింది. పంచాయతీకి ఒక నర్సరీ అన్న విధానంతో 12,700కు పైగా గ్రామ పంచాయతీల్లో మొక్కలు ఊళ్లోనే పెంచడం మొదలైంది. పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కూడా ఇచ్చారు. దూరమే లేకపోతే రవాణా ఎక్కడిది?

ఇది మంచి నిర్ణయమనే నా అభిప్రాయం, అయితే దీనికీ ఖర్చుంది. పెద్ద నర్సరీలో అనుభవమున్న మనిషి, బోరు, మంచి విత్తనం, పది పదిహేను రకాల జాతులు ఒకచోట ఉంటాయి. చిన్న నర్సరీలో ఎండాకాలం బోరు ఎండితే మొత్తం పోతుంది. ప్రతి ఊరూ అన్ని జాతులనూ పెంచలేదు. దాంతో రవాణా సమస్య వేరే రూపంలో తిరిగి వస్తుంది. ఒక ఊళ్లో మూడు వేల వేప మిగిలింది, పక్క మండలంలో వేపకు కొరత. ఇక్కడ ప్రతి ఊరూ ఇచ్చేదీ, తీసుకునేదీ కూడా. దీనికి సరిపోయే లెక్క కూడా ఉంది కానీ మిగులెంతో, కొరతెంతో ఒకచోట కనబడితేనే అది నడుస్తుంది.

పెద్దవా చిన్నవా అని వాదించుకునే బదులు, ఏ జాతిని ఎక్కడ పెంచాలి అని అడిగితే గణితం ఎక్కువ ఉపయోగపడుతుంది. మొదటి ఉదాహరణకు మళ్లీ వెళ్దాం. చిన్న నర్సరీలో ఇంకో వెయ్యి మొక్కలు పెంచి, పెద్ద నర్సరీలో వెయ్యి తగ్గిస్తే ఏమవుతుంది? రెండో ఊరికి పెద్ద నర్సరీ నుంచి రూ.500కు వెళ్తున్న వెయ్యి, చిన్న నర్సరీ నుంచి రూ.200కు వెళ్తుంది. మిగులు రూ.300. చిన్న నర్సరీలో వెయ్యి మొక్కల చోటుకు విలువ అంత అన్నమాట. దీన్నే షాడో ప్రైస్ అంటారు. లెక్క పూర్తయ్యాక సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఇస్తుంది, చాలామంది చూడకుండా వదిలేస్తారు. అక్కడ వెయ్యి మొక్కలు అదనంగా పెంచడానికి రూ.300 కన్నా తక్కువే ఎక్కువవుతుందంటే పెంచాలి, లేదంటే వద్దు. ఇలా ముప్పై వేల దాకా మార్చుకుంటూ పోవచ్చు. ఆ తర్వాత రెండో ఊరికి పెద్ద నర్సరీ నుంచి వెళ్లేవేవీ మిగలవు కాబట్టి ఆ ధర మారిపోతుంది.

సంచుల్లో మట్టి నింపేది చలికాలంలో, వాన సంగతి తెలిసేది జూన్ తర్వాత. అంటే ఎక్కడ ఏ జాతి ఎన్ని పెంచాలన్న పెద్ద నిర్ణయం చీకట్లోనే తీసుకోవాలి. 1955లో డాంట్‌జిగ్ ఇలాంటి వాటికోసమే అనిశ్చితితో కూడిన లీనియర్ ప్రోగ్రామింగ్ మీద రాశాడు. పద్ధతి ఇది: వాన బాగా పడిన ఏడాది, ఆలస్యమైన ఏడాది, మధ్యలో నెలరోజులు మొహం చాటేసిన ఏడాది, ఇలా నాలుగైదు రకాల కాలాలను ముందు పెట్టుకోవాలి. ఇప్పుడు తీసుకునే నిర్ణయం అన్నిటికీ ఒకటే. రవాణా మాత్రం ఏ కాలానికి తగ్గట్టు ఆ కాలానికి. మొత్తం మీద సగటున తక్కువ నష్టం వచ్చే నిర్ణయాన్ని వెతకాలి. ఇలా చేస్తే వచ్చే జవాబు ఏ ఒక్క కాలానికీ అచ్చంగా సరిపోయేది కాకపోవచ్చు. కొన్ని మొక్కలను నీటి వసతి ఉన్న నర్సరీలో అదనంగా ఉంచమనో, ఎక్కువ రోజులు సంచిలో ఓర్చుకునే జాతుల వాటా పెంచమనో చెప్పవచ్చు.

ఇవన్నీ నడవాలంటే కావలసింది పెద్ద కంప్యూటర్ కాదు, ట్రిప్పు చీటీ. ప్రతి బండికీ ఒక చీటీ: నర్సరీ పేరు, జాతి, ఎన్ని, ఎక్కించిన వేళ, దించిన వేళ, నాటడం పూర్తయిన తేదీ. ఏడాది తర్వాత అదే ఊళ్లో బతికినవెన్నో లెక్కపెట్టి ఆ చీటీ నంబరు పక్కనే రాయాలి. మూడు సీజన్లు ఇలా రాస్తే, గంటకెంత నష్టం, రోజుకెంత నష్టం అన్నది మన జిల్లాకు, మన జాతులకు, మన రోడ్లకు సరిపోయేలా తెలుస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల నర్సరీ రిజిస్టర్ ఒకరి దగ్గర, బండి బిల్లులు ఒకరి దగ్గర, బతికిన మొక్కల లెక్క మరొకరి దగ్గర ఉంటాయి. ఆ మూడింటికీ ఒకే నంబరు వేయడం వచ్చే సీజనుకు ముందు ఏ మండలమైనా మొదలుపెట్టగలిగిన పని.